చప్పుడుకు వెల కట్టిన మా అత్త

మా మేనత్తకు ఇంట్లో పిల్లలం పెట్టుకున్న పేరు ఖరీదత్త. ఎదురుగా అలా పిలిచే ధైర్యం మాకు లేదు గానీ ఆ పేరు ఆమెకు తెలుసు. తెలిసినా ఏమీ అనేది కాదు. కొత్త బట్టలు కట్టుకుని ఎదురుపడితే ఎవరి అత్తయినా "బాగున్నాయే" అంటుంది. మా అత్త ఒక అడుగు వెనక్కి వేసి, తల పక్కకు వంచి, "వీటికోసం ఏం వదులుకున్నావు?" అని అడుగుతుంది. పిసినారి మాత్రం కాదు. పిసినారికి ధర తెలిస్తే చాలు, ఆమెకు వెల కావాలి. ఈ రెంటికీ తేడా ఏమిటని అడిగితే కంచంలో అన్నం ఎండిపోయేదాకా చెబుతుంది కాబట్టి మేమెవరం అడగం.

ఆమె ఉద్యోగం రోడ్ల శాఖలో. మూడో అంతస్తులో మెట్ల పక్కనే ఒక ఇరుకు గది. ఊళ్ళో కొత్త రోడ్డో, వంతెనో వేయాలనుకున్నప్పుడు దానివల్ల లాభమెంత, నష్టమెంత అని బేరీజు వేయడం ఆ గది పని. అత్త చేరకముందు ఆ బేరీజు చాలా సుఖంగా సాగేదట. కంకర, తారు, కొన్న నేల ఒక పళ్ళెంలో. బళ్ళవాళ్ళకు కలిసొచ్చే సమయం, మిగిలే పెట్రోలు రెండో పళ్ళెంలో. రెండోదే ఎప్పుడూ కిందికి దిగేది. ఏ రోడ్డయినా సరే, వేయవలసిందే అని తేలేది. అందరూ తృప్తిగా భోజనానికి లేచేవారు.

అత్త వచ్చి అందులో వేలు పెట్టింది. చేరిన కొత్తలోనే పెద్ద ఇంజనీరుగారి గదికి వెళ్ళి, కూర్చోమనకముందే కూర్చుంది.

"సార్, కారులో వెళ్ళేవాళ్ళ సమయానికి విలువ వేశారు. బస్సులో వెళ్ళేవాళ్ళకీ ఎంతో కొంత వేశారు. రోడ్డు దాటడానికి నిలబడ్డవాళ్ళకి మాత్రం సున్నా అని ఉంది. అచ్చుతప్పేమో చూస్తారా?"

"అచ్చుతప్పు కాదమ్మా. నడుస్తున్నారంటేనే వాళ్ళకి తీరిక ఉన్నట్టు కదా."

"మీరు పొద్దున్నే పార్కులో నడుస్తారట కదా సార్?"

"డాక్టరు నడవమన్నాడు."

"అయితే నడిచినంతసేపూ మీ విలువ సున్నా అన్నమాట."

పెద్ద ఇంజనీరుగారు చెడ్డవారేమీ కాదు. తిన్నని రోడ్డును చూస్తే ఆయనకు మనవడు నవ్వినట్టు ఉండేది, అంతే. ఆ రోజు మాత్రం టీ కప్పు పైకెత్తి చాలాసేపు దాని వెనకాలే ఉండిపోయారట. ఆ ఏడాదినుంచి నడిచేవాళ్ళ సమయానికి విలువ వచ్చింది. తరువాత దుమ్ముకు, పొగకు వచ్చింది. కొట్టేసే చెట్లకు, వాన నీళ్ళను తాగే నేలకు వచ్చింది. చిట్టచివర చప్పుడుకు వచ్చింది. ఒక్కోదానికి ఒక్కో యుద్ధం. "వెల లేకపోతే విలువ లేదనుకునేవాళ్ళ మధ్య కూర్చున్నాను. వాళ్ళ భాషలో చెప్పకపోతే చెట్టు తరఫున నోరు విప్పేదెవరు?" అనేది అత్త. ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతు కాస్త సభలో మాట్లాడినట్టు పలికేది. అందుకని మా అమ్మ వంటింట్లోకి వెళ్ళి నవ్వుకునేది.

ఏ అంగడిలోనూ అమ్మని వాటికి వెల కట్టడం ఎలా? జనాన్ని అడగాలి. మీ కిటికీ ముందు చప్పుడు లేకుండా ఉండాలంటే ఎంత ఇస్తారు, మీ వీధి చెట్టు పోతే ఎంత ఇస్తే ఊరుకుంటారు, ఇలాంటి ప్రశ్నలు. వాటిని జనం మీదికి వదిలేముందు అత్త ఇంటివాళ్ళ మీద పరీక్షించేది. మామయ్యకు రొట్టెల బట్టీ ఉంది. కోడికన్నా ముందు లేచి పిండి పిసుకుతాడు, మధ్యాహ్నం నిద్రపోతాడు. ఆ నిద్రలో తట్టి లేపి, "ఏవండీ, ఒక్కటే ప్రశ్న. ప్రశాంతంగా నిద్రపోవడానికి మీరెంత ఇస్తారు?" అని అడిగిందట.

"నువ్వు తలుపేసి వెళ్ళిపో, బట్టీ నీ పేర రాసేస్తాను" అన్నాడట మామయ్య కళ్ళు తెరవకుండా.

ఆ జవాబు పనికిరాదని అత్త పక్కన పెట్టేసింది. మా అమ్మ దగ్గరికి వచ్చి, "మీ ఇంటిముందు చెట్టు కొట్టేస్తే నీకెంత ఇవ్వాలి వదినా?" అంది.

"చెట్టు నేను నాటిందా, మా పుట్టింటివాళ్ళు నాటిందా? నాకెందుకు ఇవ్వడం?"

"ఊరికే, అనుకుందాం."

"అనుకోవడమే అయితే అర్ధరాజ్యం ఇమ్మను. ఎవడి సొమ్ము?"

మా ఇంట్లో అత్తకు ఒక్క సరైన జవాబూ దొరకలేదు. నాన్ననైతే ఆమె అడగనే లేదు. ఎందుకంటే నాన్నకు చప్పుడనేది ప్రశ్న కాదు, బతుకుతెరువు.

నాన్న తంత్రీవాద్యాలు బాగుచేస్తాడు. వయొలిన్లు, గిటార్లు, పగిలినవీ, బిగుసుకుపోయినవీ, తాతల అటకల మీద పడి ఉండి శ్రుతి మరిచిపోయినవీ. మిట్ట మీది వీధిలో కింద కొట్టు, దాని వెనకే వంటిల్లు, పైన ఇల్లు. కొట్టంతా జిగురు వాసన, చెక్కపొట్టు. గోడ పొడవునా మేకులకు వేలాడే వయొలిన్లు. వాటి కింద కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒక తీగను వేలితో మీటి, బిరడాను వెంట్రుకవాసి తిప్పి, మళ్ళీ మీటేవాడు. ఆ సమయంలో వంటింట్లో గరిటె పడినా మాకు మూడినట్టే. పక్క సందులో గేటు కిర్రుమంటే ఆ గేటు ఏ స్వరంలో ఏడ్చిందో చెప్పేవాడు. తల్లీతండ్రీ తొందరగా పోతే అత్తను పెంచి చదివించింది నాన్నే. లెక్కల్లో ఆమెకు మార్కులు వచ్చినప్పుడల్లా వీధి వీధంతా చెప్పుకొచ్చేవాడట. ఆ లెక్కలే తన గడప దాకా వస్తాయని అప్పుడు ఆయన కలగన్నాడా?

ఊరికి అవతలి చివర ఉన్న సరుకు గిడ్డంగుల నుంచి బయటి పెద్ద రోడ్డుదాకా కొత్త రోడ్డు కావలసివచ్చింది. లారీలు ఊరి నడుమ ఇరుక్కుపోయి ఊపిరాడనివ్వడం లేదు, అందులో అబద్ధమేమీ లేదు. రోడ్డుకు రెండు దారులు కనిపించాయి. ఒకటి పల్లపు దారి. చిత్తడి నేల మీదుగా, దాని ఒడ్డున ఉన్న ఇరుకిళ్ళ పేట మధ్యనుంచి వెళుతుంది. రెండోది మిట్ట దారి. ఎత్తు మీద, ఇళ్ళు తక్కువగా ఉన్న వీధి పక్కనుంచి వెళుతుంది. పల్లంలో నేల చవక. కనుక పాత పద్ధతిలో అయితే రెండో ఆలోచనే అక్కరలేదు. పెద్ద ఇంజనీరుగారు గోడమీది పటంలో పల్లం గుండా ఎర్ర గీత గీసి, దానికేసి ముచ్చటగా చూసుకుంటూ ఉన్నారు.

అత్త బేరీజు మొదలుపెట్టింది. పేటలో బడి రోడ్డుకు ఒక పక్క, పిల్లల ఇళ్ళు ఇంకో పక్క పడతాయి. ఆస్పత్రి కిటికీలు లారీల పొగ గొట్టాల ఎత్తులోనే ఉన్నాయి. చిత్తడిని పూడిస్తే వానాకాలం నీళ్ళు ఎక్కడికి పోతాయి? ఇంకెక్కడికి, ఇళ్ళలోకే. ఇవన్నీ కలిపేసరికి చవక నేల కాస్తా ఊరందరికీ ఖరీదైన నేల అయి కూర్చుంది. మిట్ట దారిలో నష్టపోయేవాళ్ళు ఉన్నారు గానీ కొద్దిమంది. పొగ గాలికి పోతుంది, నీళ్ళు పల్లానికి పోతాయి. లెక్క ఎటు తిప్పినా మిట్ట దారే మేలని తేలింది.

తేలాక, ఇక మిగిలిన ఇంటింటి చప్పుడు లెక్క కోసం పటం మీద వేలు పెట్టి మిట్ట దారి వెంట నడిపించుకుంటూ పోయింది అత్త. వేలు ఒకచోట ఆగిపోయింది. అక్కడ అన్నగారి కొట్టు ఉంది.

మర్నాడే పెద్ద ఇంజనీరుగారికి చెప్పేసింది. "సార్, మిట్ట దారిలో మా అన్నయ్య ఇల్లుంది. ఆ వీధి చప్పుడు లెక్క నేను చూడకూడదు. ఇంకెవరికైనా ఇవ్వండి."

ఆయన మొహం వెలిగిపోయింది. "అయ్యో, ముందే చెప్పొద్దూ! సొంతవాళ్ళకి కష్టమంటే మనిషన్నాక ఎలా ఉంటుంది? పల్లపు దారే ఖాయం చేసేద్దామమ్మా. నేనేమీ అనుకోను."

"దారి మార్చమనలేదు సార్. మనిషిని మార్చమన్నాను."

ఆ లెక్క పక్క బల్ల గుమాస్తాగారికి వెళ్ళింది. ఆయన మర్యాదస్తుడు. మేడంగారి అన్నగారంటే తనకూ అన్నగారే అనుకుని, ఆ ఒక్క ఇంటికి చప్పుడు నష్టం వీధిలో మిగతా ఇళ్ళన్నిటికీ కలిపినంత వేసి, చిరునవ్వుతో తెచ్చి చూపించాడు. అత్త కళ్ళద్దాలు సర్దుకుని చూసింది.

"ఇదేమిటండీ?"

"సంగీతం మనిషి కదా మేడం, చెవులు..."

"మా అన్నయ్యకి కూడా చెవులు రెండేనండీ."

గుమాస్తాగారు చిన్నబుచ్చుకుని అందరికీ వేసినట్టే వేశాడు. ఆ మాటకు కార్యాలయం అంతా నవ్విందట గానీ, ఆ సాయంత్రం అత్త బట్టీ దగ్గర పిండి బస్తా మీద కూర్చుని చాలాసేపు ఏడ్చిందని మామయ్య చాలా కాలం తరువాత మాకు చెప్పాడు. "ఓదార్చావా మామయ్యా?" అని అడిగాను. "వేడి రొట్టె ఇచ్చాను. నా దగ్గర ఉన్నది అదేగా" అన్నాడు.

ఎవరో చెప్పగా వినేకంటే తనే చెప్పడం నయమని అత్త ఆ ఆదివారం మా ఇంటికి వచ్చింది. నాన్న అప్పుడు ఒక వయొలిన్ పొట్ట విప్పి లోపల జిగురు రాస్తున్నాడు. అత్త నిలబడే చెప్పింది. అంతా విని, నాన్న కుంచెను గిన్నె అంచుకు తుడిచి పక్కన పెట్టాడు.

"నా ఇంటి మీదుగా రోడ్డా?"

"మీదుగా కాదన్నయ్యా. పక్కనుంచి. మెట్ల దగ్గరనుంచి చూస్తే కాస్త దూరమే."

"లారీలా?"

"లారీలే."

"ఇది ఎవరు తేల్చారు?"

అమ్మ వంటింటి గుమ్మంలోంచి, "ఇంకెవరు? పెంచి పెద్దచేస్తే గుండెల మీద తన్నడమంటే ఇదే" అంది.

"వదినా, పల్లంలో బడి ఉంది, ఆస్పత్రి..."

"ఉండనీ. ఇక్కడ మేం లేమా?"

"ఉన్నారు వదినా. చప్పుడు నష్టం కూడా వేశారు. సగటు మనిషికి ఎంతో అంత, ఇంటింటికీ..."

నాన్న అప్పుడు కుర్చీలోంచి లేచాడు. "సగటు మనిషంటే ఎవడు? వాణ్ణి ఒకసారి తీసుకురా. వాడికి ఈ ఇల్లు ఇచ్చేసి నేను వెళ్ళిపోతాను. పొద్దస్తమానం లారీల మధ్య కూర్చుని వయొలిన్ శ్రుతి చేసుకుంటాడు."

నవ్వొచ్చే మాటే. కానీ ఎవరూ నవ్వలేదు.

ఆ రోజునుంచి నాన్న అత్తతో మాట్లాడడం మానేశాడు. అత్త రావడం మానలేదు. ప్రతి ఆదివారం వచ్చి, కొట్టులో ఎత్తుపీట మీద కూర్చునేది. నాన్న గోడకు చెప్పేవాడు, నాకు చెప్పేవాడు, చేతిలోని వయొలిన్‌కు చెప్పేవాడు. "కొందరు చెట్టుకి వెల కడతారట, పుట్టకి వెల కడతారట. తోబుట్టువుకి ఎంత కట్టారో అడగవే." అత్త కూడా నాకే జవాబిచ్చేది. "అది లెక్కకి అందదని చెప్పవే మీ నాన్నకి." ఇద్దరి మధ్యా నేను తపాలా పెట్టెనైపోయాను. పైగా రెండు వైపుల మాటలనూ కాస్త మెత్తబరిచి అందించడం నా వంతయింది. 'మూర్ఖుడు' అన్నది నా దగ్గరికొచ్చేసరికి 'పట్టుదల గలవాడు' అయ్యేది.

తరువాత జనం అభిప్రాయం వినే సభ పెట్టారు. పల్లంలో ఉన్న బడిలోనే పెట్టారు. కుర్చీలు చాలక అధికారులు పిల్లల బల్లల మీద కూర్చున్నారు. పెద్ద ఇంజనీరుగారి మోకాళ్ళు ఆయన గడ్డం దాకా వచ్చాయి. పల్లంవాళ్ళంతా ఒక పక్క, మిట్టవాళ్ళంతా ఒక పక్క. మేం మిట్ట పక్కన. అత్త ముందు వరసలో, ఎవరి పక్కనా కాకుండా.

సభ మొదలవగానే పల్లం పక్కనుంచి ఒక పెద్దమనిషి లేచి వేలు చూపించాడు. "ఈవిడ అన్నగారి ఇల్లు మిట్ట మీదే ఉంది! తనవాళ్ళని కాపాడుకోవడానికి రోడ్డు మా నెత్తిన పడేస్తోంది! మాకు తెలీదనుకుంటున్నారా?"

పక్కనున్నావిడ ఆయన చొక్కా లాగింది. "ఆవిడ మిట్ట మీదికే వేయమంటోందయ్యా."

"అన్న ఇంటి మీదికే?"

"ఆ ఇంటి మీదికే."

ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఇంకా ఘోరం!" అని కూర్చున్నాడు. ఆ బడిగోడలు అంత నవ్వు అదివరకు విని ఉండవు. మిట్టవాళ్ళు కూడా నవ్వాపుకోలేకపోయారు. ఆ తరువాత మాటలు కాస్త నెమ్మదిగా సాగాయి. లారీల గురించి, పిల్లల దగ్గుల గురించి, వానాకాలం మంచాల మీద మంచాలు పేర్చుకునే ఇళ్ళ గురించి మాట్లాడారు. వాటిని వింటూ మా అమ్మ మొదటిసారి గుమ్మంలోంచి గాక ఎదురుగా చూస్తున్నట్టు చూసింది. "మనకి తెలీనే తెలీదు కదే" అంది నాతో, మెల్లగా.

అప్పుడు నాన్న లేచాడు. అత్త తల తిప్పలేదు గానీ భుజాలు బిగుసుకున్నాయి.

"నేను మిట్ట మీద ఉంటాను" అన్నాడు నాన్న. "చప్పుడు వల్ల మాకు ఇంత నష్టం అని కాగితంలో వేశారట. బాగుంది. ఆ వేసింది మాకు ఎప్పుడిస్తారు?"

అలా అడగడంలో గొప్ప ఆలోచన ఏమీ లేదని నాన్నే తరువాత ఒప్పుకున్నాడు. చెల్లెల్ని పదిమందిలో ఇరుకున పెట్టాలని అడిగాడట. కానీ రాయి ఎక్కడో వేస్తే ఎక్కడో తగిలింది. అత్త లేచి, వెనక్కి తిరిగి, నెలల తరబడి ఆయనతో నేరుగా మాట్లాడని అలవాటున్నదానిలా ఒక క్షణం తడబడి, సూటిగా జవాబిచ్చింది.

"ఎవరూ ఇవ్వరు అన్నయ్యా. వేయడమే. దారుల్లో ఏది మేలో తేల్చడానికే ఆ లెక్క. తేలాక, లాభం వచ్చినవాళ్ళు లాభపడతారు, నష్టపోయినవాళ్ళు నష్టపోతారు. కాగితం బీరువాలోకి వెళుతుంది. ఇది తప్పు, వేసిందానికి తగ్గట్టు ఖర్చు పెట్టాలి అని నేను కొన్నేళ్ళుగా మొత్తుకుంటున్నాను. ఇన్నాళ్ళూ వినేవాళ్ళు లేరు."

అన్ని తలలూ పెద్ద ఇంజనీరుగారి వైపు తిరిగాయి. ఆయన మైకును చేత్తో మూసి అత్త వైపు వంగారు. పాపం, ఆయన మూసింది మైకు అడుగు. "ఇప్పుడు నన్నేం చెప్పమంటావమ్మా? సరే అంటే పైవాళ్ళు చంపుతారు, కాదంటే వీళ్ళు చంపుతారు!" అన్న మాట బడంతా మోగిపోయింది. బయట సైకిళ్ళ దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా లోపలికి తొంగిచూశారు.

"సరే అనండి సార్!" అని వెనకనుంచి ఎవరో కేకేశారు. "పైవాళ్ళు దూరంగా ఉన్నారు, మేం దగ్గరున్నాం!"

ఆ నవ్వుల్లో ఆయన సరే అనేశారు. అన్నాక ఆయనకే బాగున్నట్టనిపించి ఉండాలి. లేచి నిలబడి, మోకాళ్ళు నొక్కుకుంటూ, మిట్ట పక్క చప్పుడు ఆపే గోడ కట్టిస్తామని, ఇళ్ళకు రెండు పొరల అద్దాల కిటికీలు పెట్టిస్తామని, అక్కడ లారీలు నెమ్మదిగా పోయేలా చూస్తామని ఒకదాని తరువాత ఒకటి చెప్పుకుపోయారు. అత్త ఆయన్ని ఆపలేదు. ఆయన చెప్పిందల్లా అక్కడికక్కడే రాయించి సంతకం పెట్టించింది. ఆమెకు జనం మీద ప్రేమ ఎంతైనా ఉండవచ్చు, నోటిమాట మీద మాత్రం నమ్మకం లేదు.

మరుసటి ఏడాది రోడ్డు వచ్చింది. చెప్పినవన్నీ కాకపోయినా చాలావరకు చేశారు. గోడ వచ్చింది, దానిమీద తీగలు పాకాయి. కిటికీలు వచ్చాయి. తలుపులు వేసుకుంటే లారీ ఎక్కడో దూరంగా గొంతు సవరించుకున్నట్టు ఉండేది. వీధిలో అందరూ ఇది బాగానే ఉందన్నారు. సగటు మనిషి అంటే వీళ్ళేనన్నమాట అనుకున్నాను. నాన్న మాత్రం కుర్చీలో కూర్చుని, తీగ మీటి, కళ్ళు తెరిచి, గోడకేసి చూసేవాడు. చెవికి వినిపించనిది నేలలోంచి కుర్చీ కాళ్ళలోకి, కాళ్ళలోంచి వయొలిన్ లోకి వచ్చేది. బరువు లారీ పోయినప్పుడల్లా గోడకు వేలాడుతున్న వయొలిన్లన్నీ వాటంతటవే సన్నగా మూలిగేవి. "ఎవడో ముట్టుకోకుండానే వాయిస్తున్నాడే" అనేవాడు. మొదట్లో కోపంగా. తరువాత తరువాత అలసటగా.

ఆ మూలుగు విన్నది ఒక ఆదివారం అత్త. ఎప్పటిలాగే ఎత్తుపీట మీద కూర్చుని ఉంది. లారీ పోయింది. వయొలిన్లు మూలిగాయి. అత్త లేచి, ఒక్కొక్కదాన్నీ అరచేత్తో తాకి ఆపింది.

"ఇది లెక్కలోకి రాలేదు" అంది అత్త. నాకు కాదు, నాన్నకే.

"రాదు. సగటు మనిషి ఇంట్లో గోడకి వయొలిన్లు ఉండవుగా" అన్నాడు నాన్న. ఏడాదిన్నర తరువాత సూటిగా అన్న మొదటి మాట అది.

"అన్నయ్యా, నీ ఒక్కడి నష్టం నాకు ఊరందరి నష్టంకన్నా పెద్దది. అది నాకు తెలుసు కాబట్టే ఆ కాగితం ముట్టుకోలేదు. ముట్టుకుని ఉంటే రోడ్డు పల్లంలోకి పోయేది, నేను నీకు మంచి చెల్లెల్నయ్యేదాన్ని."

"ఇప్పుడు మాత్రం చెడ్డదానివా?" అన్నాడు నాన్న. తరువాత తనకే సిగ్గేసినట్టు, "నీ లెక్క తప్పని నేనెప్పుడూ అనలేదే. నాకు నచ్చలేదన్నాను. రెండూ వేరు" అన్నాడు. అమ్మ వంటింట్లోంచి ఏదో అనబోయి, ఎందుకో ఆగిపోయి, మూడు కప్పులతో వచ్చింది.

ఇల్లు మిట్ట మీదే ఉంది గానీ కొట్టును మార్చక తప్పలేదు. ఎక్కడికి? నిశ్శబ్దం ఎక్కడ మిగిలిందో అక్కడికి. పల్లంలో చిత్తడి ఒడ్డున ఒక పాత పడవల పాక ఖాళీగా ఉంది. అక్కడ చప్పుడెంతో చూడాలని అత్త కార్యాలయంలోని కొలిచే యంత్రం తెచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎగదోసి, మడమలదాకా బురదలో నిలబడి, యంత్రాన్ని దీపంలా పైకెత్తి పట్టుకుని, "ఊపిరి బిగపట్టండి, మీ ఊపిరి కూడా పడుతోంది" అని మమ్మల్ని కసిరింది. యంత్రం ముల్లు కదలలేదు. ఆమె మొహంలో సంతోషం చూసి నాన్న, "చెవులున్నాయి కదే నాకు, మళ్ళీ ఇదెందుకు?" అన్నాడు గానీ యంత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

వానాకాలం వచ్చాక తెలిసింది కప్పల సంగతి. పూడ్చని చిత్తడిలో కప్పలు కోటానుకోట్లు. సాయంత్రమైతే చాలు, కచేరీ. నాన్న అత్తకు ఫోను చేసి, "నువ్వు కాపాడిన ప్రాణులు శ్రుతిలో లేవే. ఏదైనా చెయ్యి" అన్నాడు. "వాటి నష్టం ఏ పద్దులోనూ లేదన్నయ్యా. లాభంలో వేశాను" అంది అత్త. నాన్న వానాకాలం సాయంత్రాలు కొట్టు కట్టేసి తొందరగా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. అమ్మకు అది లాభమో నష్టమో ఇంకా తేలలేదు.

ఇదంతా జరిగిందని నాన్న నష్టం తీరిపోయిందనుకోకండి. పాత గిరాకీల్లో కొందరు పల్లందాకా రాలేదు. మిట్ట నుంచి దిగి ఎక్కడానికి ఆయన మోకాళ్ళు మొరాయిస్తాయి. ఎవరైనా అడిగితే, "మా చెల్లెలు కట్టిన వెలలో కొంత ఇంకా బాకీ ఉంది" అంటాడు. అత్త ఆ మాట విని కాదనదు. పెద్ద ఇంజనీరుగారు మాత్రం ఎక్కడ సభ జరిగినా, వేసిన నష్టానికి తగ్గట్టు ఖర్చు పెట్టాలన్నది తన ఆలోచనేనని చెప్పుకుంటారు. అత్త దానికీ ఊరుకుంటుంది. "ఆయనదే అనుకోనీ. తనదనుకుంటే చేస్తాడు" అంటుంది.

ఇప్పుడు ఆమె ఏటి మీద వేయబోయే వంతెన పనిలో ఉంది. మొన్న నేను పాకకు వెళ్ళేసరికి అన్నాచెల్లెళ్ళిద్దరూ వాకిట్లో నిలబడి, పాక కొత్త తలుపు లోపలికి తెరుచుకోవాలా బయటికి తెరుచుకోవాలా అని కొట్లాడుకుంటున్నారు. లోపలికైతే చోటు పోతుందని నాన్న. బయటికైతే దారిన పోయేవాళ్ళకు తగులుతుందని అత్త. "దారిన పోయేవాళ్ళెవరే ఇక్కడ, బాతులు తప్ప?" అన్నాడు నాన్న. "బాతులైతే మాత్రం?" అంది అత్త. వడ్రంగి గొడుగు మూసి గడప మీద కూలబడి, ఎవరో ఒకరు గెలిస్తే పని మొదలుపెడదామని చూస్తున్నాడు.